కోడికైనా చెప్పని మాట

“ఏమే, నిన్నట్నుంచి ఏమన్నా తిన్నావా? మొహం అట్టా వాడిపోయిందేం?”

కామమ్మ ఆ మాట అడిగింది పంచలో నూకలు ఏరుకుంటున్న ఎర్ర కోడిపెట్టని. జవాబు చెప్పింది మాత్రం గడప అవతల నిలబడ్డ చిన్నకోడలు చిట్టి.

“ఆయన రాలా అత్తా. నిన్న తెల్లారకముందు పోయిన మనిషి ఇంకా రాలా. ఫోను కలవడంలా.”

కామమ్మ చేతిలో చేట ఒరిగింది. నూకలన్నీ నేల మీద ఒలికిపోయాయి. కోడి సంబరపడింది.

దురాయి పడ్డ మనిషితో పాళెంలో ఎవరూ మాట్లాడకూడదు. నిప్పివ్వకూడదు, నీళ్లివ్వకూడదు, అతని బోటెక్కకూడదు. తాతల నాటి కట్టు అది. అయితే కోడితో మాట్లాడకూడదని ఏ పెద్దకాపూ ఎన్నడూ అనలేదు. కోడికి చెప్పిన మాట పక్కనున్న మనిషి చెవిన పడితే అది ఎవరి తప్పూ కాదు. ముఖేష్ మీద, అతని పెళ్లాం చిట్టి మీద దురాయి పడ్డ నాటి నుంచి ఈ అత్తాకోడళ్లు ఆ కోడి పుణ్యాన బతుకుతున్నారు.

చిట్టి మాట వినబడగానే లోపల వరండాలో పెద్దకొడుకు ప్రసాద్ ఫోను అందుకున్నాడు. పాళెం మత్స్యకారుల సొసైటీకి అతను సెక్రటరీ. అవతల ఉన్నది మెరైన్ పోలీసులు.

“ఒక్కడే పోయినాడు సార్... ఆ, ఫైబర్ బోటే... లేద్సార్, మావాళ్లు ఎవురూ పోలా. గాలి హెచ్చరిక వచ్చింది గదా, గ్రూపులో పెట్టినాం. అందరూ ఆగిపోయినారు.”

‘అందరూ’ అన్నచోట అతను తడబడ్డాడు.

పోయినవాడు అతని తమ్ముడు. దురాయి వేసినవాడు అతని తండ్రి చిన్నపోలయ్య, ఈ పాళేనికి పెద్దకాపు. ఊరి తగువులు తీర్చేదీ, కట్టుబాటు చెప్పేదీ ఆయనే. ఇప్పుడాయన వరండా మూల స్తంభానికి ఆనుకుని, సముద్రం వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. నిన్న సాయంత్రం నుంచీ అక్కడే కూర్చున్నాడు. ఎందుకని కామమ్మ అడగలేదు. కొన్ని మాటలు అడిగితే జవాబు వస్తుందేమోనని భయం.

ప్రసాద్ ఫోను పెట్టేశాడు. పెద్దకోడలు ఉష అతని దగ్గరికి వచ్చింది.

“ఏమంటుండారు?”

“యాడ ఎతకాలి అంటుండారు. సముద్రం చెరువు కాదు, ఏదో ఒక తట్టు చెప్పండి అంటుండారు. ఆఖరిసారి ఎవురితో మాట్లాడినాడో, అప్పుడు యాడ ఉండాడో కనుక్కొని చెప్తే బోటు పంపిస్తారంట.”

“ఎవురితో మాట్లాడుంటాడు?”

“దురాయిలో ఉండేవోడు ఎవురితో మాట్లాడతాడు ఉషా?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు.

సొసైటీ బాగా నడుస్తోంది. ఆ మాట పగవాడైనా ఒప్పుకోవాలి. ప్రసాద్ సెక్రటరీ అయ్యాక, ఐసు లారీ ఎప్పుడొస్తుందో తెలియక ఆడవాళ్లు ఎండలో పడిగాపులు కాయడం పోయింది. మీటింగుకి మనుషుల్ని పోగు చేయడానికి ఇల్లిల్లూ తిరగడం పోయింది. వేలం పాట, డీజిలు, వలల సబ్సిడీ, తోటపల్లి గూడూరు ఆఫీసులో కావలసిన కాగితాలు, అన్నీ ఫోను గ్రూపులోనే. ప్రసాద్ చెబుతాడు, నెల్లూరులో డిగ్రీ చదివిన ఉష ముచ్చటగా తెలుగులో టైపు చేస్తుంది. గంగమ్మ గుడి మీది మైకు ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. గరగర తప్ప అందులో ఏముందని ప్రసాదే దాన్ని దింపించి సొసైటీ గదిలో ఓ మూల పడేయించాడు.

ముఖేష్ కొంప ముంచింది కూడా ఫోనే. నీళ్ల మీద ఉండగానే చేపల ఫొటోలు తీసి నెల్లూరు బేరగాడికి పంపాడు. ఒడ్డు చేరకముందే అమ్మేశాడు. పాళెం చేప పాళెం ఒడ్డునే పాటకి రావాలన్నది కట్టు. ఒకడు తప్పితే రేపు పదిమంది తప్పుతారు, చేతగానివాడి చేపకి పాట పాడేవాడు ఉండడు. చిన్నపోలయ్య కొడుకని చూడలేదు. నలుగురిలో నిలబడి దురాయి అన్నాడు. ఆయన నోరు మూసేలోపు ప్రసాద్ గ్రూపులోంచి తమ్ముడి పేరు తీసేశాడు. ఒక్క వేలి నొక్కు. దురాయి అంత సులువుగా అమలైంది పాళెంలో అదే మొదటిసారి.

“బావా.”

చిట్టి గడప అవతలి నుంచే పిలిచింది. ప్రసాద్ తలెత్తలేదు.

“ఆ హెచ్చరిక ఎప్పుడొచ్చింది బావా?”

ప్రసాద్ ఫోను అటూ ఇటూ తిప్పాడు.

“నిన్నే అడగతా ఉండా. నీకు కోడి గూడా లేదు. తిన్నగా చెప్పు.”

“మొన్న సాయంత్రం,” అంది ఉష.

దురాయి పడ్డాక ఆ ఇంట్లోంచి చిట్టికి నేరుగా అందిన మొదటి మాట అది. ఉష మామగారి వైపు చూసింది. ఆయన కదల్లేదు.

“మొన్న సాయంత్రం నేను ఈ గడప కాడే ఉండా,” అంది చిట్టి. ఏడుపు లేదు ఆ గొంతులో. అదే భయంగా ఉంది. “నీళ్లు పట్టుకోని పోతా ఆగినా. అత్త కోడితో మాట్లాడింది. వంజరం పులుసులో మామిడికాయ ఎప్పుడెయ్యాలో చెప్పింది. ఇంటికి పోయి అట్నే చేసినా. ఆయన రెండు మారులు ఏయించుకోని తిన్నాడు.” ఆగింది. “ఆ గాలి మాట గూడా కోడికి చెప్పుండొచ్చు గదత్తా.”

కామమ్మ చేట కింద పడేసింది.

“నాకు తెలవదు తల్లీ! గంగమ్మ తోడు, నాకు తెలవదు. నాకు ఫోను యాడుంది? మైకు ఉండే రోజుల్లో అయితే పొయ్యి కాడ కూర్చున్నా నా చెవిన పడేది. ఇప్పుడు వీళ్లు ఏం రాసుకుంటారో, ఏం చూసుకుంటారో నాకెవురు చెప్తారు?”

ఆ తల్లి కోడి వైపు చూడకుండా, కోడలి వైపు చూసి చెప్పింది ఆ మాట. దురాయి అప్పటికే ఆ ఇంట్లో చచ్చిపోయింది. దాన్ని మోసుకెళ్లి పూడ్చేవాళ్లే లేరు.

“మాకు టీవీ గూడా లేదు,” అంది చిట్టి. “కేబులోడు మన పాళేపోడే గదా, వైరు పీకేసినాడు. రేవులో బోటు కట్టగూడదన్నారని కాలవ మొగ కాడ కట్టుకున్నాడు. ఆణ్ణించి చూస్తే మీ బోట్లు పోయినాయో ఆగినాయో ఏం కనబడద్ది?”

ప్రసాద్ ఒక్కసారిగా అరిచాడు. “నన్నేం చెయ్యమంటావు? వేలు పేరు దాకా పోయింది నాకు! ముఖేష్ అని చూసి నొక్కబోయినా. ఎదురుగా నాయన కూర్చోనుండాడు. సరే, ఉష చెప్తాదిలే అనుకున్నా. ఆడోళ్లు ఆడోళ్లు ఎట్టోకట్ట చెప్పుకుంటారు గదా అనుకున్నా!”

“నేనా?” ఉష తెల్లబోయింది. “నీ తమ్ముడు గదా, చాటుగా నువ్వే ఒక ఫోను కొట్టుంటావని నేననుకోలా? అందుకే గదా నేను నోరు మూసుకున్నా!”

“అడగలేదు నువ్వు.”

“నువ్వు అడిగినావా?”

వాళ్లిద్దరూ ఒకే మంచం మీద పడుకునే మొగుడూపెళ్లాలు. ఒకే ఫోను మీద తలలు ఆనించి ఆ హెచ్చరిక రాసినవాళ్లు. ‘ఎవరూ వేటకు పోవద్దు, చూసినవాళ్లు గుర్తు పెట్టండి’ అని ఉష రాస్తే, దీపం పెట్టేలోగా గ్రూపులో అందరూ బొటనవేలు గుర్తు పెట్టారు. ‘ఒక్కరు గూడా మిగల్లా’ అని ప్రసాద్ మురిసిపోయాడు.

“మైకుకి మనుషుల్ని తీసేసేది తెలవదు బావా,” అంది చిట్టి.

బయట గాలికి పంచలో ఆరేసిన వల కొట్టుకుంటోంది. కోడి నూకలు తిని తన దారిన పోయింది.

ఉష ఉండలేక లేచింది. వరండా గోడకున్న చెక్క మీద వైర్‌లెస్ సెట్టు ఉంది. నీళ్ల మీదున్న బోట్లతో మాట్లాడటానికి సొసైటీ పెట్టించింది. మిద్దె మీద దాని కడ్డీ. పొద్దునా సాయంత్రం బోట్లు ఎక్కడున్నాయో అడిగి తెలుసుకోవడం ఉష పనే. నిన్న బోట్లేవీ పోలేదని ఆమె దాని జోలికే పోలేదు.

“దీంట్లో ఒకసారి పిలుస్తాను.”

“ఏం పిలుస్తావు?” అన్నాడు ప్రసాద్. “నిన్నంతా ఆన్‌లోనే ఉండాది గదా. ఒక్క పిలుపు గూడా రాలా.”

సెట్టు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. అయినా సెట్టు నోట్లోంచి చప్పుడు లేదు. మామూలుగా పొయ్యి మీద ఎసరు కాగినట్టు ఎప్పుడూ బుస్సుమంటూనే ఉంటుంది. ఇల్లంతా దానికి అలవాటు పడిపోయి ఎవరూ పట్టించుకోరు. ఇందాకటి నుంచి ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఎందుకుందో ఉషకి ఇప్పుడు అర్థమైంది.

శబ్దం తిప్పే బుడిపె పూర్తిగా తగ్గించి ఉంది.

ఆమె దాన్ని కుడికి తిప్పింది. బుస్సు వరండా అంతా నిండింది. మూలన చిన్నపోలయ్య ఉలిక్కిపడ్డాడు. సముద్రం హోరుకి చలించని మనిషి, ఆ చిన్న బుస్సుకి ఉలిక్కిపడ్డాడు.

“దీన్ని ఎవురు తగ్గించినారు?”

కామమ్మ ఆ పెట్టెని ముట్టుకోదు, నిన్న పగలంతా ఎండుచేపల బుట్టతో పక్కూళ్లు తిరిగి పొద్దుగూకే వేళకి వచ్చింది. ప్రసాద్ నిన్న పగలంతా తోటపల్లి గూడూరు ఆఫీసులో ఉన్నాడు. ఉష రేషనుకి పోయి మధ్యాహ్నం దాటాక వచ్చింది.

“మామా,” అంది ఉష మెల్లగా. “దీన్ని ఎవురు తగ్గించినారు మామా?”

పెద్దాయన మొహం సముద్రం వైపే ఉంది.

“పిలిచినాడు,” అన్నాడు.

ప్రసాద్ చేతిలో ఫోను జారింది. పట్టుకున్నాడు.

“నిన్న మద్యానం. అన్నం తింటా ఉండా. ఇంజను ఆగిపోయింది, తాడు లాగి లాగి చేతులు పుళ్లు పడినాయి, ఎవురన్నా ఉండారా అన్నాడు. బొగ్గు ఓడలు లంగరేసే కాడికి తూరుపు తట్టు ఉండా, గాలి నన్ను దచ్చినానికి లాగతా ఉండాది అన్నాడు. అన్నా అని పిలిచినాడు. ఒదినా అని పిలిచినాడు. ఆఖరికి పెద్దకాపు గారూ అన్నాడు. నాయనా అన్లా. పెద్దకాపు గారూ అన్నాడు నన్ను.”

“నువ్వు పలకలేదా?” ఆ మాట కామమ్మది. ఆమె గొంతు అలా ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

“పలకతాననే లేచినా. చెయ్యి కడుక్కోకుండానే లేచినా. నేను పలికితే ఊరంతా ఇంటాది గదా. కొడుకు కాబట్టి దురాయి తప్పినాడు అంటారు గదా. ఇంకెవుడో ఒకడు పలకతాడులే అని నిలబడినా.”

“ఎవుడు పలకతాడు నాయనా?” అన్నాడు ప్రసాద్. “హెచ్చరిక చూసి బోట్లన్నీ ఒడ్డున ఉండాయి. ఒడ్డునుండే బోటులో సెట్టు ఎవుడు ఆన్ చేస్తాడు? ఆడు పిలిస్తే ఇనేది ఈ పాళెం మొత్తానికి మన ఇల్లు ఒక్కటే!”

చిన్నపోలయ్య అప్పుడు తిరిగి చూశాడు. ఆ లెక్క ఆయనకి తట్టలేదు. ఆ సంగతి ఆయన కళ్లలో కనిపించింది. అరవై ఏళ్లు దాటిన మనిషి కళ్లలో అలాంటి చూపు ఎవరూ చూడకూడదు.

“మా నాయన దురాయి ఏసేటప్పుడు గూడా ఉండా నేను,” అన్నాడు. “ఎన్ని చూసినానో. ఎప్పుడూ దానికి ఒక కంత ఉండేది. ఆడోళ్లు కోడికి చెప్పేవోళ్లు, పిలకాయలు గోడకి చెప్పేవోళ్లు. మైకులో చెప్తే అందరికీ పడేది. పైకి కట్టు కట్టు మాదిరే ఉండేది, లోపల మనిషి బతికేవోడు. అది తెలిసే గదా ఏసేది. ఆ కంత ఉంటాదిలే అనుకోనే గదరా, నా బిడ్డ మీద ఏసినా!”

ఆ కంతని తన బొటనవేలితో మూసినవాడు ప్రసాద్. అతను గోడకి ఆనుకుని జారిపోయాడు.

“అబ్బోడు మళ్లా మళ్లా పిలస్తా ఉంటే ఇనలేకపోయినా,” అన్నాడు తండ్రి. “అందుకని తగ్గించినా. సాయంత్రానికి ఇంజను పలికి వచ్చేస్తాడులే అనుకున్నా. రాలా. చీకటి పడినాక మీతో ఎట్టా చెప్పాలో తెలవలా.”

చిట్టి గడప దాటి లోపలికి వచ్చింది. దురాయి పడ్డాక ఆ ఇంట్లో అడుగు పెట్టడం అదే. మామ ఎదురుగా నిలబడింది. తిడుతుందని ఉష అనుకుంది, కొడుతుందనీ అనుకుంది. కొట్టినా అడ్డం పోకూడదనుకుంది.

“తూరుపు అన్నాడా, తూరుపు దచ్చినం అన్నాడా మామా?” అంది చిట్టి. “సరిగ్గా గెవనం చేసుకోని చెప్పు.”

“ఓడలకి తూరుపు. గాలి దచ్చినానికి లాగతా ఉండాదన్నాడు.”

ప్రసాద్ అప్పటికే ఫోను చెవిన పెట్టుకున్నాడు. “సార్, తెలిసింది సార్, నిన్న మద్యానం...” ఎవరితో మాట్లాడాడని అవతల అడిగారు కాబోలు. అతను కళ్లు మూసుకుని, “మా నాయన ఇన్నాడు సార్,” అన్నాడు. “ఇన్నాడు” అనే అన్నాడు, “మాట్లాడినాడు” అనలేకపోయాడు.

ఇక బోట్లు కదలాలి. దురాయి ఉండగా ముఖేష్ కోసం ఏ బోటూ కదలదు. గాలికి ఎదురు పొమ్మని అడగడానికి ముందు ఆ కట్టు ఎత్తాలి.

“గ్రూపులో పెడతాను మామా,” అంది ఉష. “దురాయి ఎత్తేసినారని రాస్తాను.”

“రాయొద్దు. నోటితో ఏసినా, నోటితోనే ఎత్తాల. అందర్నీ సెట్లు పెట్టుకోమను.”

ఉష ఆ ఒక్క ముక్క రాసింది. ‘అందరూ వెంటనే బోట్ల దగ్గరికి పోయి సెట్లు ఆన్ చేయండి. పెద్దకాపు మాట్లాడతారు.’ చూస్తుండగానే బొటనవేలు గుర్తులు వరసగా వచ్చి పడ్డాయి. వీధిలో కాళ్ల చప్పుడు, ఇసకలో పరుగు. ఎంత చక్కటి ఏర్పాటు! మొన్న కూడా ఇంత చక్కగానే పనిచేసింది.

చిన్నపోలయ్య సెట్టు ముందు నిలబడ్డాడు. కొడుకులకి ఈత నేర్పిన చెయ్యి, మైకు పట్టుకోవడం కూడా తెలియనట్టు తడబడింది. ఉష ఆ నల్లటి మైకు ఆయన అరచేతిలో పెట్టి, పక్కనున్న బొత్తాం మీద ఆయన బొటనవేలు ఆనించింది.

“నొక్కి మాట్లాడు మామా.”

ఆయన నొక్కాడు. బుస్సు ఆగిపోయింది.

“పాళెం వోళ్లకి చిన్నపోలయ్య చెప్పేది. ముఖేష్ మీద, ఆడి ఇంటి మీద ఏసిన దురాయి ఎత్తేసినా. తప్పు ఆడిది గాదు. రేపు నలుగుర్లో నా మీద ఏం ఏస్తారో ఏసుకోండి. ఇప్పుడు నా బిడ్డని తీసకరండి.”

ఒడ్డు పొడవునా ఉన్న బోట్లలోంచి ఆయన గొంతే బయటికి వచ్చింది. గాలి దాన్ని ఇంటి దాకా మోసుకొచ్చింది. ఎక్కడో ఒక ఇంజను పలికింది. దాని వెంట ఇంకొకటి.

ఆయన వేలు తీయలేదు.

“ముఖేషూ... ఇంటా ఉండావా నాయనా? నేనురా. పెద్దకాపుని కాదురా, నీ నాయన్ని. పలకరా. బ్యాటరీ ఉంటే ఒక్క మాట పలకరా. ఓడల తట్టు వస్తా ఉండారు మనోళ్లు. నిద్రపోబాకు. తాగే నీళ్లుండాయా? అరేయ్ ముఖేషూ... నిన్న నేను ఈడనే ఉండానురా. ఇన్నానురా...”

కామమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రసాద్ గోడ వైపు తిరిగాడు. పెద్దాయన చెబుతూనే ఉన్నాడు. బొటనవేలి గోరు తెల్లబడిపోయింది.

చిట్టి వచ్చి ఆయన పక్కన నిలబడింది. మొగుడి బోటులో ఆ సెట్టు వాడటం ఆమె చూసింది. ఆయన చేతి మీద తన చెయ్యి వేసింది.

“వేలు తియ్యి మామా.”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“నువ్వు నొక్కి పెట్టినంతసేపూ ఆయన మాట మనకి ఇనబడదు మామా. ఆయన పలకతా ఉండాడేమో. వదులు.”

“వదిలితే...” అన్నాడు చిన్నపోలయ్య. వదిలితే ఏమీ వినబడకపోతే?

మామా కోడళ్ల చేతులు అలాగే ఉన్నాయి. ఆమె లాగలేదు, ఆయన వదల్లేదు. ఒడ్డున ఇంజన్లు ఒక్కొక్కటే దూరమవుతున్నాయి.

చివరికి ఆ వేలు మెల్లగా పైకి లేచింది. సెట్టులో బుస్సు మళ్లీ మొదలైంది. అయిదుగురూ ఆ చప్పుడులోకి చెవులు పెట్టారు.